లంగరు రాయి

వెంకటకృష్ణ చేతికి మైకు దొరికితే ఆపడం ఎవరి తరమూ కాదు. భద్రాచలంలో బస్సు కదిలిన దగ్గర్నుంచి వాయిస్తూనే ఉన్నాడు. వాళ్ళ తాత బందరు నుంచి వచ్చి వేంసూరు దగ్గర పొలాలు కొనుక్కుని స్థిరపడ్డాడట. మనవడేమో టూరిస్టు బస్సు పెట్టి జనాన్ని మళ్ళీ ఆ బందరుకే మోసుకుపోతున్నాడు. "సముద్రం చూడని జన్మ కూడా ఒక జన్మేనా అండీ? రేపు ఈపాటికి మీ కాళ్ళ మీద అలలుంటాయి!" అన్నాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. మేం ముగ్గురం కొట్టలేదు.

మేం ముగ్గురం అంటే నేను, మా అయ్య జంపయ్య, మా అవ్వ చిన్నక్క. మా వైపు అవ్వ అంటే కన్నతల్లే. నా పేరు కళావతి. చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న మా గూడెంలో అంగన్‌వాడీ టీచర్ని. ఇంట్లో మేం కోయలోనే మాట్లాడుకుంటాం. మీకు అర్థం కావాలని తెలుగులో రాస్తున్నాను.

మేం సముద్రం చూడ్డానికి బయలుదేరలేదు. తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి బయలుదేరాం.

తమ్ముడి పేరు చిరంజీవి. బందరు దగ్గర రొయ్యల చెరువుల మీద పనికి పోయాడు. చెరువు గట్టు మీదే గుడిసె, అక్కడే వంట, అక్కడే కాపలా. చర్లలో ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అక్కా, సముద్రం మోత ఇనబడతది గని సముద్రం కనబడ్తలేదే. ఒక్కపూట సెలవిస్తె చూసొస్త." చివరికి ఒక ఆదివారం సెలవు దొరికింది. తోటి పనివాళ్ళతో కలిసి మంగినపూడి బీచ్ చూడ్డానికి పోయాడు. అది సునామీ వచ్చిన ఆదివారం. తోటివాళ్ళు తిరిగొచ్చారు. వాడు రాలేదు, వాడి ఒళ్ళు కూడా దొరకలేదు.

మా గూడెం చివర మద్దిచెట్ల కింద పెద్దల రాళ్ళ వరుస ఉంది. పోయిన ప్రతి మనిషికీ ఒక నిలువు రాయి. ఇంట్లో పోయినవాళ్ళకు గుట్ట మీది రాయి తెస్తాం. బయట పోయినవాళ్ళకు మాత్రం వాళ్ళు ఎక్కడ పోయారో అక్కడి రాయే తేవాలి. మనిషి జీవం ఆ రాయి మీద కూర్చుని ఇంటికొస్తుంది. దారిలో ఎక్కడా రాయిని నేలకు దించకూడదు. దించితే జీవం అక్కడే దిగిపోతుంది. ఒకసారి దిగినవాడు మళ్ళీ ఎక్కడు. నాకు ఇదంతా నమ్మకమా కాదా అని అడక్కండి. మా అవ్వ ఒంటిని చూసి అప్పుడు మాట్లాడండి.

ఏ కొత్త పంట వచ్చినా మేం ముందు పెద్దలకు పెట్టాకే నోట్లో పెట్టుకుంటాం. కొత్త వడ్లకు ఒక పండుగ, కొత్త చిక్కుడుకు ఒక పండుగ, మామిడికాయకు ఒకటి. ఆ రోజు ఎవరి మనిషి రాయి ముందు వాళ్ళు ఆకు దొప్పలో పెట్టి, మిగిలింది తింటారు. తమ్ముడికి రాయి లేదు. వాడి వంతు పెట్టడానికి చోటు లేదు. వాడికి పెట్టకుండా అవ్వ తినదు. మూడేళ్ళుగా కొత్త గింజ, కొత్త కాయ, కొత్త ఆకు ఏదీ ముట్టలేదు. పాత బియ్యం గంజి, ఎండు మిరపకాయ, అంతే. మామిడికాయల కాలంలో ఇంటి వెనక్కి పోయి కూర్చునేది.

నా సెంటర్లో పిల్లల బరువు తూచి సన్నబడ్డవాళ్ళ తల్లుల్ని కేకలేస్తాను. ఇంటికొస్తే నా తల్లి ఎముకలు బయటపడి కనిపిస్తుంది. చర్ల దవాఖానాలో నర్సమ్మ అవ్వ కంటిరెప్ప లాగి చూసి, "రక్తమే లేదు, ఆకుకూరలు, పండ్లు పెట్టు" అంది. నేను పెడతాను తల్లీ, తినే నోరు ఉండాలిగా! ఒకరోజు ఒళ్ళు మండి, "పోయినోని కోసం ఉన్నోళ్ళని చంపుతవా అవ్వా?" అని అరిచాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "వానికి పెట్టినంక తింట బిడ్డా" అంది.

పోడు పనులు, వానలకు తెగిపోయే దారులు, అడవిలో గొడవలు, వీటన్నిటితో మూడేళ్ళు కదల్లేకపోయాం. పోయిన వానాకాలం అవ్వ నీళ్ళబిందెతో పడిపోయింది. ఇక ఆగితే ఆమెకూ రాయి వెతకాల్సి వస్తుందని నేనే ఈ బస్సులో సీట్లు రాయించాను.

రాత్రి విజయవాడ సత్రంలో పడుకుని తెల్లవారి బందరు దారి పట్టాం. అయ్య కిటికీ వదల్లేదు. అటూ ఇటూ పొలాలు, కాలవలు, కొబ్బరిచెట్లు. నేలంతా అరచెయ్యిలా నున్నగా ఉంది. బస్సులో అందరూ ఆహా ఓహో అంటున్నారు. అయ్య ముఖం మాత్రం చిన్నబోతూ వచ్చింది.

"పిల్లా, గుట్ట కనబడ్తలేదేంది?" అన్నాడు.

"ముందట ఉంటయిలే అయ్యా."

"గుట్ట లేకుంటె మానె. రాయన్న కనబడాలె గద."

అప్పుడు నేనూ చూడడం మొదలుపెట్టాను. గట్ల మీద లేదు. కాలవ ఒడ్డున లేదు. మా దగ్గర పోడు దున్నినా రాయే, బావి తవ్వినా రాయే, నడిస్తే కాలికి తగిలేదీ రాయే. రాయి లేని నేల ఒకటుంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. తమ్ముణ్ణి చుట్టుకు రావడానికి కొత్త తెల్లగుడ్డ కొన్నాం. దారిలో తినడానికి సత్తుపిండి కట్టుకున్నాం. సముద్రానికి పిలిచేటప్పుడు ఏం పలకాలో అయ్య గూడెం పెద్దను అడిగి నేర్చుకున్నాడు. అసలు రాయి దొరుకుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

బందరులో ముందు మమ్మల్ని సమాధుల దగ్గర దించారు. "ఇది వలందపాలెం అండీ. వలందులంటే డచ్చివాళ్ళు. అటు పోతే ఫరాసుపేట, అది ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషువాళ్ళ చర్చి కూడా ఉంది, తరువాత చూద్దాం. ఒకప్పుడు ఓడలన్నీ మా బందరుకే వచ్చేవి!" వెంకటకృష్ణ ఆ ఓడలన్నీ తనవే అన్నట్టు చెప్పాడు. ప్రహరీ లోపల గడ్డిలో పెద్ద పెద్ద సమాధులు. వాటి మీద నల్లటి పలకలు, పలకల మీద ఏవో బొమ్మలు, చదవరాని అక్షరాలు. జనం వాటికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు.

అయ్య చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఒక రాయి మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇవి ఎవలయి సారు?"

"వ్యాపారానికొచ్చి ఇక్కడే జబ్బు చేసి చనిపోయినవాళ్ళవండీ. మూడొందల ఏళ్ళ నాటివి."

"వాళ్ళ ఊరోళ్ళు తీసుకపోనీకి రాలేదా?"

"ఎక్కణ్ణుంచి వస్తారు? ఓడలో నెలల తరబడి ప్రయాణం."

"మరి వీళ్ళకు ఎవలు పెడతరు?"

"ఏం పెట్టడం?"

"తిండి సారు. పండుగకు."

వెంకటకృష్ణ మైకు కిందికి దించాడు. ఆ రెండ్రోజుల్లో అతను నిజంగా ఆలోచించి జవాబు చెప్పింది అప్పుడే అనుకుంటాను. "ఎవరూ పెట్టరండీ. అప్పుడప్పుడూ గడ్డి కోయించి సున్నం వేయిస్తారు. అంతే."

అయ్య నాలుక చప్పరించాడు. తరువాత అసలు మాట అడిగాడు. "ఈ రాళ్ళు ఈడ యాడ దొరికినయి?"

"ఇక్కడివి కావండీ. మా దగ్గర ఎంత తవ్వినా మట్టే. వీటిని ఓడల్లో తెచ్చారని చెప్తారు."

అయ్య నా వైపు చూశాడు. నేను అవ్వ వైపు చూశాను. ఆమె గేటు దగ్గరే కూర్చుని ఉంది, మాట మాత్రం విన్నది. ఒళ్ళో ఉన్న తెల్లగుడ్డను మడత మీద మడత పెడుతూ పోయింది.

నేను వెంకటకృష్ణను పక్కకు పిలిచి సంగతంతా చెప్పేశాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వితే కడిగెయ్యడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను నవ్వలేదు. గడ్డిలో వెతికి, ఏదో సమాధి నుంచి ఊడిపడిన ముక్క తెచ్చి, "ఇది పడిపోయిందే టీచరమ్మా. ఎవరూ అడగరు" అన్నాడు. అయ్య దాన్ని ముట్టుకోలేదు.

"వద్దు సారు. ఇది ఒకలకు పెట్టిన రాయి. నేను తీసుకపోతె ఎవడో దొర వచ్చి మా వరుసల కూసుంటడు. వాని మాట మాకు రాదు, మా మాట వానికి రాదు."

ఇంకోసారైతే నవ్వేదాన్ని. ఆ పూట నవ్వు రాలేదు. నాకు భయం వేసింది. ఉత్త చేతులతో పోతే అవ్వ ఇంకో ఏడాది దాటదు.

మంగినపూడికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. నేను సముద్రాన్ని చూడడం అదే మొదలు. చెప్పకేం, అసహ్యం వేసింది. అంత నీళ్ళు ఎందుకు ఒకచోట? మా బస్సు జనం పిల్లల్లా పరిగెత్తారు. చీరలు ఎత్తి పట్టుకుని అలల్లోకి దూకుతున్నారు, మొక్కజొన్న పొత్తులు కొంటున్నారు, తమ్ముణ్ణి మింగిన నీళ్ళను ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు. తమ్ముడు కూడా అలాగే దూకి ఉంటాడు.

అవ్వ నీళ్ళ దగ్గరికి రాలేదు. ఇసుకలో కూర్చుని అటే చూస్తూ ఉంది. "గింత మోత చేస్తదా ఎప్పటికి? వాడు ఎట్ల పండుకున్నడో" అంది.

అయ్యా నేనూ వెతికాం. తీరం పొడుగునా ఒకవైపు ఆయన, ఒకవైపు నేను. ఇసుక తవ్వితే కింద నల్లటి బురద వచ్చింది. గవ్వలు, కొబ్బరిడొక్కలు, చెప్పులు, సీసాలు. ఒకచోట గట్టిగా తగిలితే ప్రాణం లేచొచ్చింది. తీసి చూస్తే సిమెంటు పెళ్ళ. వెంకటకృష్ణ కూడా ప్యాంటు మడిచి మాతో వెతికాడు. చివరికి అలసిపోయి, ఆ సిమెంటు పెళ్ళే తీసుకుపొమ్మన్నాడు, రాయికీ దీనికీ తేడా ఏముందన్నాడు.

"ఇది మనిషి కలిపి చేసింది సారు. దీని మీద వాడు కూసోడు" అన్నాడు అయ్య. నాకు కోపం ఆగలేదు. "కూసుంటడు! మనం చెప్తె కూసుంటడు! అవ్వను చూసినవా ఒక్కసారన్న?" అని అందరిముందూ అరిచాను. అయ్య తల దించుకుని మళ్ళీ ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన గోళ్ళ సందుల్లోంచి రక్తం వస్తోంది. అది చూశాక నోరు మూసుకున్నాను.

జనం తిరిగేచోటు దాటి పోతే వలలు ఆరేసి ఉన్నాయి. ఒక ముసలావిడ ఎండుచేపలు తిరగేస్తూ మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తోంది. పేరు నాంచారమ్మ అని తరువాత చెప్పింది.

"ఏం పారేసుకున్నారమ్మా? బంగారమా?"

"రాయి కావాలె పెద్దమ్మా" అన్నాను. అంత దూరం నుంచి వచ్చి సముద్రం ఒడ్డున రాయి అడుగుతున్నామంటే ఎవరైనా పిచ్చివాళ్ళనుకుంటారు. అందుకని తమ్ముడి సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. మూడేళ్ళలో అవ్వ ముందు ఏడవలేదు, అయ్య ముందు ఏడవలేదు, చేపలు ఎండేసుకునే ముక్కూముఖం తెలియని మనిషి ముందు ఏడ్చాను.

ఆవిడ చేతులు తుడుచుకుని లేచింది. తన గుడిసె ముందు తను కూర్చునే చోటు చూపించింది. ఇసుకలో సగం కూరుకుని ఒక నల్లటి రాయి ఉంది. నడుము చుట్టూ మోకు రాసుకుని రాసుకుని వేలు పట్టేంత గాడి పడింది.

"మా పడవ లంగరమ్మా ఇది. మా మామగారు ఎక్కడో బెజవాడ వైపు కొండ నుంచి తెచ్చాడు. ఆయన హయాం నుంచీ ఈ నీళ్ళలోనే ఉంది."

అయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆ ఆదివారం నాడు యాడున్నది?"

"నీళ్ళలోనే. పడవ దీనికే కట్టి ఉంది. మోకు తెగిపోయి పడవ ముక్కలైపోయింది. ఇది మాత్రం కదల్లేదు. మళ్ళీ వేటకు పోయినప్పుడు మావాళ్ళ వలకు తగిలితే ఈడ్చుకొచ్చారు. పడవ పోయిన దిగులుతో మా ఆయనా పోయాడు. పడవ లేని లంగరు నాకెందుకు? తీసుకుపోండి."

"నువ్వు కూసునేది గద అమ్మా."

"కింద కూర్చుంటాలే."

అయ్య ఆవిడ కాళ్ళు మొక్కబోతే వారించింది. ఆయన రాయిని తవ్వి తీసి, మంచినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డ కప్పాడు. సముద్రం వైపు తిరిగి, గూడెం పెద్ద నేర్పిన మాటలన్నీ పలికాడు. అవి అయిపోయాక ఎవరూ నేర్పని మాట ఒకటి పలికాడు. "చిరంజీవీ, రా కొడకా. చూసింది చాలు, ఇంటికి పోదాం."

అవ్వ వంగి రాయిని చేతుల్లోకి ఎత్తుకుంది. ఏడాది పిల్లంత బరువుంటుంది. ఆమె ఎముకలకు అది మోసే బలం లేదని నేను చెయ్యి వేయబోయాను. మోచేత్తో నన్ను నెట్టేసింది.

"బరువైందా?" అడిగాడు అయ్య.

"అవ్. ఎక్కిండు" అంది అవ్వ. ఆమె ముఖంలో నవ్వు చూశాను. ఆ నవ్వు కోసం నేను ఆ సముద్రాన్ని కూడా క్షమించేద్దును.

తిరుగు ప్రయాణంలో వెంకటకృష్ణ మైకు పట్టుకోలేదు. ముందు సీటు మాకిచ్చి, గతుకులున్నచోట బస్సు మెల్లగా నడపమని డ్రైవరుకు చెప్పాడు. విజయవాడలో అందరూ దిగి బ్యారేజీ చూడ్డానికి పోయారు. అవ్వ బస్సులోనే కూర్చుని రాయికి కిటికీలోంచి చూపించింది. "ఇది కృష్ణ అంట బిడ్డా. మన గోదారి అంత లేదు." నేను కాసేపు, అయ్య కాసేపు ఒళ్ళో పెట్టుకుంటామన్నా ఇవ్వలేదు. మధ్యలో ఒకసారి నా చెవిలో, "చిక్కుడు పండుగ ఎన్నడు వస్తది?" అని అడిగింది. మూడేళ్ళలో ఆమె పండుగ గురించి అడగడం అదే మొదలు. మన పందిరికి బాగా కాసింది, దగ్గరికొచ్చిందని చెప్పాను. "పోంగనే కొయ్యి. లేతయి కొయ్యి. వానికి ముదురు గింజలు పడవు" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సంతోషం కూడా ఏడుపులాగే వస్తుందని అప్పుడు తెలిసింది.

భద్రాచలంలో బస్సు దిగాం. రాయి అవ్వ చేతుల్లోనే. చర్ల బస్సెక్కాం. చర్లలో ఆటో మాట్లాడుకున్నాం. ఆటోవాడు పోలీసు క్యాంపు ఇవతలే ఆపేశాడు, ఈ రెండ్రోజులుగా బండ్లు అటు పోనివ్వడం లేదన్నాడు. ఎందుకని అడిగితే సగం సగం చెప్పాడు. మేం ఊళ్ళో లేనప్పుడు పై దారిలో ఏదో పేలిందట.

మా గూడేనికి పోవాలంటే ఆ పోలీసు క్యాంపు ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. మామూలుగా అయితే సంచీ విప్పి చూపిస్తాం, పేరు చెప్తాం, పోనిస్తారు. ఆ సాయంత్రం కొత్త ముఖాలు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అడవిలో పడేసిన కుర్రాళ్ళు. ముగ్గురు మనుషులు, మధ్యలో ఒక ముసలమ్మ, ఆమె చేతుల్లో తెల్లగుడ్డ కప్పిన గుండ్రటి బరువు. దూరం నుంచే ఒకడు అరిచాడు.

"రుకో! నీచే రఖో!"

నాకు చర్ల సంతలో విన్న హిందీ ముక్కలు నాలుగు వచ్చు. "సార్, పత్థర్ హై! భాయీ కా పత్థర్!" అని అరిచాను. తమ్ముడి రాయి అంటే వాళ్ళకేం అర్థమవుతుంది? ఇంకో ఇద్దరు ఇసుక బస్తాల వెనక నుంచి లేచారు. తుపాకులు పైకి లేచాయి. "నీచే! నీచే రఖో!" ఆ కుర్రాడి గొంతు వణుకుతోంది. అతను మమ్మల్ని చూసి భయపడుతున్నాడు. భయపడ్డవాడి చేతిలో తుపాకి ఉంటే ఎంత భయమో అప్పుడు తెలిసింది.

"అవ్వా, కింద పెట్టమంటున్రు" అన్నాను.

"పెట్ట" అంది అవ్వ. రాయిని ఇంకా గట్టిగా హత్తుకుంది. "రెండు అడుగులేస్తె ఇల్లు. పెట్ట." పైగా ఒక అడుగు ముందుకు వేసింది.

తుపాకి కటుక్కుమంది. ఆ చప్పుడు మా అడవిలో అందరికీ తెలుసు. నేను అవ్వకు అడ్డంగా పోయాను. పోయి ఏం చేద్దామనుకున్నానో తెలియదు. అప్పుడు అయ్య, సిమెంటు పెళ్ళ వద్దన్న అయ్య, దొర రాయి వద్దన్న అయ్య, రెండు చేతులూ చాపి అవ్వ దగ్గర రాయి తీసుకున్నాడు. ఆమె మొదట వదల్లేదు. ఆయన కోయలో మెల్లగా, "చిన్నక్కా, పిల్ల ముంగట నిలబడ్డది. చూడు" అన్నాడు. అవ్వ నన్ను చూసింది. ఆమె వేళ్ళు వాటంతట అవే సడలిపోయాయి.

అయ్య వంగి, పడుకున్న పిల్లవాణ్ణి దించినట్టు, రాయిని రోడ్డు పక్క మట్టిలో పెట్టాడు.

చేతులెత్తించి వెనక్కి నడిపించారు. ఒకడు పొడుగాటి కర్రతో గుడ్డ లాగాడు. కుక్కను తెచ్చి వాసన చూపించారు. కాసేపటికి వాళ్ళలో ఒకడు నవ్వాడు, తరువాత అందరూ నవ్వారు. ప్రాణాలు నిలిచినవాళ్ళ నవ్వు. నేను తప్పు పట్టను. ఆ అరిచిన కుర్రాడే దగ్గరికొచ్చి, మొహమాటంగా, తీసుకుపొమ్మన్నట్టు రాయి వైపు చెయ్యి చూపించాడు. "లే జావ్, అమ్మా."

అయ్య కదల్లేదు.

"తీసుకుందాం అయ్యా. ఎవలు చూసిన్రు? వరుసల పెడదాం, ఎవలకు చెప్పొద్దు" అన్నాను.

"వాడు దిగిండు పిల్లా" అన్నాడు అయ్య. "ఉత్త రాయి మోసుకపోయి ఏం చేస్త?"

రాయిని అక్కడే వదిలి ఇంటిదారి పట్టాం. అయ్య వెనకబడి నడిచాడు. అంత దూరం నుంచి వాణ్ణి తెచ్చి, గూడెం కుక్కల అరుపు వినబడేచోట దించింది తన చేతులే కదా అన్నది ఆయన నడకలోనే తెలుస్తోంది. గుమ్మంలో అవ్వ ఆగి ఆయన కోసం చూసింది. "నేనైతె దించకపోదును. నాకు ఎరికే" అంది. "అందుకనే నువ్వు తీసుకున్నవ్. కాళ్ళు కడుక్కో." అంతకుమించి ఆ సంగతి వాళ్ళ మధ్య రాలేదు. ఆ రాత్రి ఆమె పాత బియ్యం గంజే తాగింది.

వారం తిరిగాక సంతకు పోతూ చూశాను. క్యాంపు గేటుకు అటూ ఇటూ, ముళ్ళకంచె పొడుగునా, రాళ్ళు వరుసగా పాతి సున్నం కొట్టారు. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడట. చేతికందిన రాళ్ళన్నీ ఏరి పెట్టారు. గేటు పక్కన నిలబడ్డ రాయికి నడుము చుట్టూ గాడి ఉంది. వాడికీ సున్నం కొట్టారు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. అయ్య, "బందరుల దొరల లెక్కనే అయిండు" అన్నాడు.

అవ్వ మాత్రం, "నిలువుగ పెట్టిన్రా? అడ్డంగ పెట్టిన్రా?" అని అడిగింది.

"నిలువుగనే."

ఆమె తల ఊపింది.

చిక్కుడు పండుగ రోజు గూడెమంతా దొప్పలు పట్టుకుని మద్దిచెట్ల కిందికి పోయింది. అవ్వ అటు పోలేదు. పందిరి మీది లేత చిక్కుళ్ళు ఏరి ఉడికించి, కొత్త బియ్యం అన్నం వండి, దొప్పలో పెట్టుకుని క్యాంపు దారి పట్టింది. అయ్యా నేనూ వెనక పరిగెత్తాం. గేటు దగ్గర కాపలా అతను తుపాకి సర్దుకుని అరిచాడు.

"హాత్ ఊపర్!"

అవ్వకు హిందీ రాదు. ఆ మాట మాత్రం ఆ సాయంత్రం నేర్చుకుంది. రెండు చేతులూ పైకెత్తింది, ఒక చేతిలో దొప్ప అలాగే ఉంది. అలాగే నడిచి, రాయి ముందు కూర్చుని, దొప్ప కింద పెట్టింది. సున్నం కింద వేలితో తడిమి గాడి పట్టుకుంది. "తిను బిడ్డా" అంది. కాపలా అతను ఒకసారి లోపలికి చూసి, మళ్ళీ మమ్మల్ని చూసి, తుపాకి దించాడు.

వాడు తినేంతసేపు కూర్చుంది. తరువాత మిగిలింది చేతిలోకి తీసుకుని, ముళ్ళకంచె పక్కన, దుమ్ములో, మూడేళ్ళ తరువాత కొత్త చిక్కుడు నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. నేను, అయ్య నిలబడి చూశాం. అయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

ఇప్పుడు ప్రతి కొత్త పండుగకూ అవ్వ పోతుంది. ఒంట్లో కాస్త రక్తం పట్టిందని నర్సమ్మ కూడా అంది. క్యాంపులో మనుషులు మారిపోతూ ఉంటారు, ప్రతిసారీ కొత్తవాడే అరుస్తాడు. వాడు అరవకముందే అవ్వ చేతులు రెండూ పైకెత్తి నడుస్తుంది. ఒక చేతిలో దొప్ప ఉంటుంది.